ముప్పై అయిదు డాలర్ల ఓటు

బిల్లింగ్స్‌లో అక్టోబరు గాలి మొదలైందంటే మూడు రోజులు ఆగదు. ఆ గురువారం రెండో రోజు. వెర్నా కాస్టిగన్ ఆఫీసు కిటికీ అద్దం గడగడలాడుతూంటే ఆమె సహాయకుడు డెల్బర్ట్ నైగార్డ్ పాత పేపరు మడిచి సందులో కుక్కుతున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పెన్షను వస్తున్నా ఇంట్లో తోచక, నాలుగేళ్ళుగా వెర్నా దగ్గర కారు నడుపుతూ, నోట్సు రాస్తూ గడుపుతున్నాడు. వెర్నా అంతకుముందు ఇన్సూరెన్సు కంపెనీలో దొంగ క్లెయిములు పట్టేది. జనం అబద్ధాలు చదివి చదివి కళ్ళజోడు నంబరు పెరిగిందని తనే చెప్పుకుంటుంది. ఆవిడ బుర్ర ముందు తన జ్యామితి ఏపాటిదని డెల్బర్ట్ నమ్మకం. ఆ మాట మాత్రం ఆవిడతో అనడు, నెత్తినెక్కి కూర్చుంటుందని భయం.

తలుపు తోసుకుని వచ్చినామెకి నలభై ఏళ్ళుంటాయి. కూర్చోమన్నా కూర్చోలేదు. కళ్ళు చూస్తే నిద్రపోయి మూడు నాలుగు రోజులైనట్టుంది.

"నా పేరు మార్లిస్ ట్రాస్క్. మా నాన్న హార్లన్ ట్రాస్క్, కోల్డ్ ఫోర్క్ తుపాకీ హక్కుల సంఘం అధ్యక్షుడు. సోమవారం ఆఫీసులో తన పిస్తోలుతోనే కాల్చుకుని పోయాడన్నారు."

"అన్నారు, సరే. మీరేమంటారు?" అంది వెర్నా.

"ఆ రోజు తొమ్మిదింటికి నేను ఫోను చేశాను. బాగా తిట్టాను. మధ్యాహ్నానికి చచ్చిపోయాడు." ఆమె కుర్చీ వీపు పట్టుకుంది. "నా మాటల వల్లే చచ్చిపోయాడా కాదా, అంతవరకు కనుక్కుని చెప్పండి. మిగతాది నాకు అక్కర్లేదు."

"ఏమని తిట్టారో చెప్పండి. ఉన్నదున్నట్టు చెప్పాలి."

మార్లిస్ చెప్పింది. సంఘంలో ఆరు వేలమంది సభ్యులు. ఏడాదికి ముప్పై అయిదు డాలర్ల చందా. చందా కట్టినవాడికి ఒక టోపీ, నెలనెలా ఒక పత్రిక, ఒక ఓటు. ఇప్పుడెవరో పెద్ద ధనవంతుడు ఏటా నాలుగు లక్షలు నేరుగా విరాళం ఇస్తానన్నాడు, రాజధానిలో చట్టాల మీద పోరాడ్డానికి. ఒకటే షరతు. సభ్యత్వాలు ఎత్తెయ్యాలి. ముగ్గురు మనుషుల కమిటీ ఏం చెబితే అదే. శనివారం మధ్యాహ్నం సభ్యులే ఓటేసి తమ ఓటు తాము రద్దు చేసుకోవాలి. హార్లన్ సరేనన్నాడు.

"మా నాన్న చందాల కోసం ఇరవై ఆరేళ్ళు ఊరూరా తిరిగాడు. అలిసిపోయాడు. నాకు తెలుసు. అయినా అన్నాను. 'వాళ్ళు నీ మీద అరిచే హక్కు ముప్పై అయిదు డాలర్లు పెట్టి కొనుక్కున్నారు నాన్నా. డబ్బున్నవాడొకడు వచ్చాడని వాళ్ళ నోరు కుడతావా? అమ్మ బతికుంటే నీ మొహం చూసేది కాదు' అన్నాను. ఆయన మాట్లాడలేదు. ఫోను పెట్టేశాను."

"ఇప్పుడెక్కడ ఉంటున్నారు?"

"ఓరిన్ బాబాయి ఇంట్లో. ఓరిన్ హాగ్లండ్. నాన్నకి ప్రాణస్నేహితుడు, షూటింగు నేర్పే మాస్టరు. నాకు పదేళ్ళప్పుడు ఆయనే నేర్పాడు. ఎల్సా పిన్ని జబ్బుతో హోములో ఉంది. పాపం, ఆయనా కుంగిపోయాడు. తెల్లవార్లూ వంటింట్లో కూర్చుని చేతులు చూసుకుంటూ ఉంటాడు."

వెర్నా కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మాస్టారూ, కారు తియ్యండి" అంది డెల్బర్ట్‌తో.

*

కోల్డ్ ఫోర్క్ చేరేసరికి సాయంత్రమైంది. ఆకాశం పడమట సీసం రంగుకి తిరిగి, మంచు ఇవాళో రేపో అన్నట్టుంది. అక్కడి పోలీసు అధికారి, డెప్యూటీ షెరీఫ్ లైల్ బెక్‌స్టెడ్ ఒకప్పుడు డెల్బర్ట్ క్లాసులో చివరి బెంచీ మీద కూర్చుని జ్యామితి తప్పినవాడు. మాస్టారిని చూడగానే టోపీ తీశాడు. ఫోటోలు అడిగితే కాదనలేకపోయాడు.

"ఇందులో ఏముంది మాస్టారూ. కుడి కణతకి ఆనించి కాల్చుకున్నాడు. పిస్తోలు ఆయనదే. పొద్దున కుర్చీలో కూర్చోగానే నడుం నుంచి తీసి బల్ల మీద పెట్టుకోవడం ఆయన అలవాటు, ఊరందరికీ తెలుసు. తలుపు గొళ్ళెం లేదు. పెనుగులాట లేదు."

డెల్బర్ట్ ఫోటోలు చూశాడు. హార్లన్ ట్రాస్క్ కుర్చీలో పక్కకి ఒరిగి ఉన్నాడు. బల్ల మీద పిస్తోలు, పై భాగం వెనక్కి లాగి బిగించి ఉంది, మొన హాలు వెనక కొండవైపున్న గోడకి తిరిగి ఉంది. పక్కన బయటికి తీసిన మ్యాగజైను, తూటాలు పేర్చే డబ్బీ. దాని పక్కన ఒక తూటా, నిటారుగా నిలబెట్టి. కాల్చిన ఖాళీ డొల్ల నేల మీద. అతని కంటికి అంతా పద్ధతిగానే కనిపించింది. తనూ ఏటా నవంబరులో జింకల వేటకి వెళ్ళేవాడే.

వెర్నా మాత్రం ఒక ఫోటో చేతిలోంచి వదల్లేదు. జన్మలో తుపాకీ ముట్టుకోని మనిషి. "మాస్టారూ, దీన్ని ఇలా ఎందుకు తెరిచి పెట్టారు?" అని అడిగింది.

"అది పద్ధతండీ. తుపాకీ కింద పెడితే ఖాళీ చేసి, తెరిచి పెట్టాలి. ఎవరు చూసినా ఖాళీ అని తెలియాలి. ఇక్కడ పిల్లలకి అన్నం తినడం నేర్పినప్పుడే ఇదీ నేర్పుతారు."

"ఓహో. ఖాళీ చేసిందెవరు లైల్? నువ్వా?"

"నేనెక్కడ ముట్టుకున్నాను మేడం, ఫోటో తీసేసరికే అలా ఉంది. డార్లా చేసుంటుంది. ఆమే మొదట చూసింది."

వెర్నా తలూపింది. ఆ రాత్రి హోటల్లో ఆవిడ సూపు గిన్నె పక్కకి నెట్టి, పేపరు రుమాలు మీద ఏదో గీస్తూ కూర్చుంది. డెల్బర్ట్ రెండుసార్లు వాతావరణం గురించి ఎత్తి, లాభం లేదని ఊరుకున్నాడు.

*

శుక్రవారం సంఘం హాలుకి వెళ్ళారు. ఊరికి నాలుగు మైళ్ళ దూరం, వెనక షూటింగు రేంజి, దాని వెనక బోడికొండ. మామూలుగా అక్కడ తూటాల చప్పుడు ఆగదు. ఆ రోజు గాలి తప్ప ఏమీ లేదు. ఆ నిశ్శబ్దం డెల్బర్ట్‌కి నచ్చలేదు. గుమ్మం పక్కన నల్లబోర్డు మీద సుద్దతో రాసి ఉంది: వేడ్ ప్రెంటిస్, తుపాకీ మూసి బల్ల మీద వదిలినందుకు జరిమానా ఇరవై డాలర్లు. కింద సంతకం, ఓ.హా.

గుమాస్తా డార్లా మంక్‌కి యాభై దాటాయి. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది.

"నేను గుమ్మంలోంచి చూసి కేక పెట్టి బయటికి పరిగెత్తానమ్మా. లోపల కాలు పెట్టలేదు. తుపాకీ సంగతి నన్నడక్కండి. మా తమ్ముడు తుపాకీ పేలి పోయిన దగ్గర్నుంచి దాన్ని తాకను. ఇక్కడ పదకొండేళ్ళు ఉద్యోగం చేశాను, ఒక్కసారి కూడా తాకలేదు. లైల్ తీసి సర్దుంటాడు."

"ఈ విరాళం గొడవ మీకెలా అనిపించింది?"

"నాకైతే హాయి. ముప్పై అయిదు కట్టినవాడు ఫోను చేసి గంట తిడతాడు. టోపీ బిగువయిందని ఒకడు, పత్రికలో ఏనుగంత అక్షరాలెయ్యమని ఒకడు. విరాళం ఇచ్చేవాడు ఏడాదికోసారి చెక్కు పంపి ఊరుకుంటాడు. కానీ హార్లన్ ముసలాయన అనేవాడు, 'డార్లా, శాసనసభ్యుడు డాలర్లు లెక్కపెట్టడు, తలకాయలు లెక్కపెడతాడు' అని." ఆమె ముక్కు చీదుకుంది. "ఆఖరికి ఆయనకి మతి కూడా తప్పింది పాపం. సోమవారం పదకొండింటికి నన్ను పిలిచి, వచ్చే ఏటి చందా కార్డులు రెండు సంచులు పోస్టులో వేసి రమ్మన్నాడు. శనివారం సభ్యత్వాలే ఉండవు కదా, కార్డులెందుకని అడిగాను. వెయ్యవే అన్నాడు. వెళ్ళాను. పోస్టాఫీసు దగ్గర పెద్ద క్యూ. పన్నెండింటికి వచ్చేసరికి ఇదీ."

"పదకొండింటికి అని రాసుకోండి మాస్టారూ," అంది వెర్నా.

ధనవంతుడి మనిషి వేడ్ ప్రెంటిస్ హాల్లోనే ఉన్నాడు. కొత్త బూట్లు, కొత్త వేట కోటు, దాని మీద ఎక్కడా ముల్లు గీరిన గుర్తు లేదు. ప్రశ్న పూర్తి కాకుండానే అందుకున్నాడు.

"చూడండి మేడం, మనిషి ఇచ్చిన ముప్పై అయిదులో ఇరవై రెండు టోపీకి, పత్రికకి, స్టాంపులకి పోతుంది. పోరాటానికి మిగిలేది ముష్టి పదమూడు. మా విరాళంలో ప్రతి డాలరూ నేరుగా యుద్ధానికే. హార్లన్‌కి అది అర్థమైంది. ఆయన మా వైపు. మా వైపున్నవాణ్ణి నేనెందుకు చంపుతాను?"

"చంపారని నేననలేదే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటున్నారేం?"

వేడ్ మొహం కందిపోయింది. "ఊళ్ళో అందరూ నన్నే చూస్తున్నారు. పదిన్నరకి హార్లన్ దగ్గర్నుంచి వచ్చేశాను. గేటు దగ్గర కారులో కూర్చుని పన్నెండుదాకా ఫోన్లు మాట్లాడాను. సాక్షులు లేరు. డార్లా కారు తప్ప లోపలికి వేరే కారేదీ వెళ్ళలేదు, అదీ నిజమే. నాకే ముప్పని తెలిసీ చెబుతున్నాను."

"కొత్త కమిటీలో జీతాలు ఎవరెవరికి?"

"హార్లన్ వద్దన్నాడు. రేంజి డైరెక్టరుగా ఓరిన్‌కి ఏడాదికి తొంభై వేలు. ముసలాయన నలభై ఏళ్ళు ఊరికే చాకిరీ చేశాడు."

ఓరిన్ హాగ్లండ్ వెనక షెడ్డులో టార్గెట్ల చట్రాలకి మేకులు కొడుతున్నాడు. అరవై ఆరేళ్ళు, పొడుగు మనిషి, తెల్ల మీసం. గోడ నిండా తను తీర్చిదిద్దిన పిల్లల ఫోటోలు. కిటికీ గట్టు మీద తూటాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. పరీక్ష పెట్టినట్టు ముందు డెల్బర్ట్ చెయ్యి చూశాడు. "వేటగాడివేనా? నేర్పిందెవరు?"

"మా నాన్న."

"మంచిది. తండ్రి నేర్పితే పోదు." మళ్ళీ సుత్తి అందుకున్నాడు. "సోమవారం నేనిక్కడే ఉన్నానమ్మా. తుపాకీ పేలిన చప్పుడు విన్నాను. రేంజిలో ఎవరో కాల్చారనుకున్నాను. డార్లా కేక విని వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. అంతే, లోపలికి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు."

"పిస్తోలు ముట్టుకున్నారా?"

"హార్లన్ పిస్తోలా? లేదమ్మా. దాని వంక చూడనన్నా చూడలేదు."

"మీ ఆవిడకెలా ఉంది?"

సుత్తి ఆగింది. "ఆసుపత్రి హోములో ఉంది. ఎవరినీ గుర్తుపట్టదు. రోజుకి మూడు వందల డాలర్లు. డిసెంబరుదాకా కట్టగలను." వంగిన మేకు ఒకటి పీకి పారేశాడు. "మార్లిస్‌ని ఏడిపించకండి. నా కూతురు లాంటిది."

బయటికొచ్చాక డెల్బర్ట్ అన్నాడు. "వేడ్ గాడేనండీ. గేటు దగ్గర కూర్చున్నానని తనే ఒప్పుకున్నాడు."

"మాస్టారూ, మీరు చాలా మంచివారు. ఇక్కడి వాళ్ళంతా మంచివారే. అందుకే ఎవరికీ కనిపించడంలేదు. రేపు పదింటికి అందరినీ పిలవండి. లైల్‌ని అదే రకం పిస్తోలు ఒకటి తెమ్మనండి, మందు లేని ఉత్తి తూటాలు వేసి."

*

శనివారం పొద్దున మంచు మొదలైంది. సభ మధ్యాహ్నానికే అయినా అప్పుడే హాలు ముందు ట్రక్కులు వచ్చి ఆగుతున్నాయి. హార్లన్ ఆఫీసులో రక్తం మరక మీద ఎవరో చాప కప్పారు. డార్లా, వేడ్, ఓరిన్, మార్లిస్ గోడ పక్కన కుర్చీల్లో కూర్చున్నారు. లైల్ తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. డెల్బర్ట్ నోట్సు పుస్తకం తెరిచి తారీకు వేశాడు.

వెర్నా సంచీలోంచి పిస్తోలు తీసి, మూసింది మూసినట్టే బల్ల మీద పెట్టింది. మొన జనం వైపుంది. పెట్టి, దాని సంగతే మరిచిపోయినట్టు మాట్లాడ్డం మొదలుపెట్టింది.

"సోమవారం తొమ్మిదింటికి హార్లన్ ట్రాస్క్ విరాళం వైపు ఉన్నాడు. పదకొండింటికి ఆ వైపు లేడు. సభ్యత్వాలు ఎత్తేసేవాడు వచ్చే ఏటి చందా కార్డులు పోస్టు చెయ్యమంటాడా? మతి తప్పలేదు డార్లా, మనసు మారింది. కూతురు అన్న..." వెర్నా మార్లిస్ వంక చూసి తటాలున ఆగింది. డెల్బర్ట్ నాలుగేళ్ళలో ఆవిడ మాట మధ్యలో మింగడం చూడలేదు. "ఏదో కారణాన మనసు మారింది. వచ్చే ఏటి చందాలు అడిగే మనిషి అదే గంటలో చావాలని కూర్చోడు. ఆ మార్పు వేడ్‌కి తెలియదు, ఆయన పదిన్నరకే వెళ్ళిపోయాడు. ఇప్పటికీ హార్లన్ తమ వైపే అనుకుంటున్నాడు."

ఓరిన్ లేచాడు. ఎవరి వంకా చూడలేదు. బల్ల దగ్గరికి వచ్చి, పిస్తోలు మొన కొండవైపు గోడకి తిప్పాడు. మ్యాగజైను తీశాడు. పై భాగం వెనక్కి లాగితే లోపలి తూటా అరచేతిలో పడింది. బిగించి, కింద పెట్టి, తూటాని పక్కన నిటారుగా నిలబెట్టాడు. మూడు క్షణాలు పట్టిందేమో.

"ఇలా వదలకూడదమ్మా. పిల్లలు తిరిగే చోటు," అని వెళ్ళి కూర్చున్నాడు.

లైల్ మెల్లగా జేబులోంచి ఫోటో తీసి, బల్ల వంక చూసి, మళ్ళీ ఫోటో వంక చూశాడు.

"పిస్తోలు ఒకసారి పేలితే రెండో తూటా దానంతటదే లోపలికి వచ్చి కూర్చుంటుందట. నిన్న మాస్టారే చెప్పారు," అంది వెర్నా. గొంతు పెంచలేదు. "కణతకి కాల్చుకున్నవాడు ఆ రెండో తూటా తీసి నిలబెట్టలేడు. మరెవరు తీశారు? లైల్ డార్లా అనుకున్నాడు. డార్లా లైల్ అనుకుంది. మాస్టారు ఫోటో చూసి పద్ధతిగా ఉందన్నారు. ఇక్కడ పుట్టినవాళ్ళెవరికీ అది వింతగా తోచలేదు, ఎవరున్నా అదే చేసేవారు గనక. నాకు తుపాకీ తెలియదు కాబట్టి వింతగా తోచింది. డార్లా దాన్ని ముట్టుకోదు. వేడ్ మూసి వదిలేసే రకం, బోర్డు మీద జరిమానా ఉంది. ఇక మిగిలింది మీరొక్కరే ఓరిన్ గారూ. లోపలికే రాలేదన్నారు. నేనే వచ్చి ఖాళీ చేశానని మీరు నాతో అనుంటే ఈ కేసు అక్కడితో ఆగిపోయేది. ఎందుకనలేదు?"

ఓరిన్ తన చేతులు చూసుకున్నాడు. "చేసినట్టు గుర్తు లేదు," అన్నాడు. "నిజంగా గుర్తు లేదమ్మా."

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. మనిషిని చంపిన చెయ్యే, మరొకరికి దెబ్బ తగలకూడదని తుపాకీ ఖాళీ చేసి పెట్టింది. తనకి కలిగింది అసహ్యమో జాలో డెల్బర్ట్‌కే తేలలేదు.

"బాబాయ్," అంది మార్లిస్. "నేను నీ ఇంట్లో పడుకున్నాను. నువ్వు పెట్టిన కాఫీ తాగాను."

"చంపాలని రాలేదమ్మా. ఆ ఉద్యోగం... ఆ జీతం ఉంటే ఎల్సాని అక్కడే ఉంచొచ్చనుకున్నాను. నలభై ఏళ్ళు ఒక్క డాలరు అడగలేదు నేను. మీ నాన్న కుర్చీలో కూర్చుని నవ్వుతున్నాడు. పదేళ్ళ వయసు తగ్గినట్టున్నాడు. పిస్తోలు బల్ల మీదే ఉంది."

"ఇక చాలు ఓరిన్ గారూ," అంది వెర్నా గబగబా. "మిగతాది లైల్‌కి చెబుదురుగాని."

"లేదమ్మా, పిల్లకి తెలియాలి. తనని తిట్టుకుంటూ చచ్చాడనుకుంటోంది." ఓరిన్ మార్లిస్ వైపు తిరిగాడు. దయగానే చెప్పాడు, అదే ఘోరం. "నీ మీద కోపం లేదే వాడికి. 'మా పిల్ల పొద్దున చెప్పింది ఓరిన్, అదే నిజం. ఆ నాలుగు లక్షలు నాకొద్దు, శనివారం అందరి ముందూ కాదంటాను' అన్నాడు. వాడు ఆఖరున అన్న మాట అదే."

లైల్ వచ్చి ఓరిన్ భుజం మీద చెయ్యి వేశాడు. ముసలాయన లేచి, చిన్నప్పుడు తన దగ్గర నేర్చుకున్న కుర్రాడి వెనకే వెళ్ళిపోయాడు.

*

హాలు నిండిపోయింది. లోపల ఎవరో మైకు సరిచేస్తున్నారు. వార్త అప్పుడే పాకినట్టుంది, మాటలు వినిపించడంలేదు. బయట మంచులో కారు దగ్గర మార్లిస్ కోటు బొత్తాలు పెట్టుకోకుండానే నిలబడి ఉంది.

"నేనడిగినదానికి మీరు జవాబు చెప్పలేదు," అంది వెర్నాతో.

"మీ నాన్న తనంతట తను చావలేదు. మీ మీద కోపంతో పోలేదు. చంపింది ఓరిన్, అందులో మీ వాటా లేదు."

"నేను ఫోను చెయ్యకపోతే?"

డెల్బర్ట్ వెర్నా మొహం వంక చూశాడు. ఆవిడ ముందుకి వంగి మార్లిస్ కోటు బొత్తాలు ఒక్కొక్కటే పెట్టసాగింది.

"నలభై ఏళ్ళలో మా నాన్న నా మాట విన్నది ఆ ఒక్కసారే," అంది మార్లిస్.

ఆమె హాలు మెట్లెక్కి లోపలికి వెళ్ళింది.